కిశోరము ఎంత యెత్తు పెరుగును?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో గుఱ్ఱపుపిల్లను గూర్చిన ప్రసంగ మేమిటని కొందఱకు తోచవచ్చును. గ్రామమున నేడు గుఱ్ఱము లేదు. జట్కాబండ్లు పోయి, వాని స్థానమున ఆటోలు వచ్చి చాలకాలమైనది. ఐనను గ్రంథాలయపు బీరువాలలో గుఱ్ఱములకు లోటు లేదు. భారతము తెఱచినను గుఱ్ఱమే, అర్థశాస్త్రము తెఱచినను గుఱ్ఱమే, విజయనగర చరిత్ర తెఱచినను గుఱ్ఱమే. ఆ ప్రాచీన గ్రంథములలోని మాటకును, నేటి పశువైద్యులు ఎముకలను పరీక్షించి చెప్పు మాటకును ఒక విషయమున చక్కని పొత్తు కుదిరినది. ఆ విషయ మేదనగా, ఆఱు నెలల పిల్లను చూచి, అది పెద్దదైన పిమ్మట ఎంత యెత్తు గుఱ్ఱమగునో ముందుగా చెప్పుట.

గుఱ్ఱపుపిల్లకు సంస్కృతమున కిశోరమని పేరు. మనుష్య బాలునకు ఆ మాట తరువాత అంటినది. ఎద్దును కొనువాడు పండ్లు చూచును, మూపురము చూచును, నడక చూచును; చూచినదానికే పైక మిచ్చును. కిశోరమును కొనువాడట్లు కాదు. కంటి యెదుటనున్న బక్కపలుచని పిల్లకు గాక, నాలుగేండ్ల తరువాత నిలువబోవు గుఱ్ఱమునకు పైక మిచ్చుచున్నాడు. అది తాననుకొన్నదానికంటె రెండించులు పొట్టియైనచో సవారికి చాలదు. రెండించులు పొడుగైనచో, పొట్టి గుఱ్ఱములకై యేర్పఱచిన పోటీలలో దానికి ప్రవేశముండదు. ఎటుచూచినను నష్టము కొన్నవానిదే. కావున ఈ ప్రశ్న గుఱ్ఱములను పెంచు దేశములన్నిటను పుట్టినది. ప్రతిచోటను ఏదో యొక లెక్క కట్టుకొన్నారు.

మొదట కొలుచు విధానము తెలిసికొనవలెను. గుఱ్ఱపు ఎత్తును తలతో కొలువరు. తల పైకెత్తును, క్రిందికి దించును. ఆ కొలత నిలువదు. మెడ ముగిసి వీపు మొదలగుచోట ఉబ్బెత్తుగానుండు మూపు వఱకు, చదునైన నేలపై నిలిపి, నిట్టనిలువుగా కొలుచుదురు. ఇంగ్లీషువారు వాడు మానము హ్యాండు. అది పూర్వము చేతి వెడల్పు. పిమ్మట నాలుగు ఇంచులుగా స్థిరపడినది. 14.2 అని వ్రాసినచో అది దశాంశము గాదు. పదునాలుగు హ్యాండులమీద రెండించులు, అనగా 58 ఇంచులు. 14.3 తరువాత 14.4 రాదు, 15 వచ్చును. లెక్కలు బాగుగా వచ్చినవారే ఇచ్చట తొట్రుపడుదురు గాని, పూర్వము రూపాయలు, అణాలు, పైసలు వ్రాసిన చేతికి ఈ పద్ధతి క్రొత్త గాదు.

ఇంచిని తెలుగున అంగుళమనుట వాడుక. ఈ ప్రసంగమున మాత్రము ఇంచిని ఇంచియనియే చెప్పుట మేలు. ఏలయన ముందు రాబోవు కౌటిల్యుని అంగుళము వేఱు.

గోడిగ, అనగా ఆడుగుఱ్ఱము, సుమారు పదునొకండు నెలలు మోసి పిల్లను వేయును. పుట్టిన గంట రెండు గంటలలో ఆ పిల్ల లేచి నిలుచును. ఆ దినముననే తల్లివెంట పరుగెత్తును. బయలున మేయు జంతువునకు పరుగే కోట, పరుగే ఆయుధము. కావున ప్రకృతి దానికి కాళ్ళను ముందు సిద్ధముచేసి, తక్కిన దేహమును తరువాతికి నిలిపినది. మనుష్యశిశువు పుట్టినప్పుడు పెద్దవాని యెత్తులో మూడవవంతునకు లోపుగనే యుండును. కిశోరమో, పెద్దైనప్పటి యెత్తులో నూటికి అఱువది పాళ్ళకు పైగా పుట్టుకతోనే తెచ్చుకొనును. చూచువారికి అది కాళ్ళమీద నిలిపిన చిన్న పెట్టెవలె కనబడును. తల్లి పొదుగునకు కాళ్ళు అడ్డుగానున్నట్లును, నేలమీది పచ్చికను అందుకొనుటకు ముందుకాళ్ళు ఎడముచేసి వంగినట్లును ఉండు ఆ వికారరూపమే జోస్యమునకు ఆధారము.

పందెపు గుఱ్ఱములైన థారోబ్రెడ్ జాతిని కొలిచి శాస్త్రజ్ఞులు తెలిపిన లెక్క యిట్లున్నది. ఆఱు నెలలకు పూర్తి యెత్తులో నూటికి సుమారు 84 పాళ్ళు వచ్చును. తూకములో మాత్రము సుమారు 46 పాళ్ళే. సంవత్సరమునకు ఎత్తు 90, తూకము 67. పదునెనిమిది నెలలకు ఎత్తు 95, తూకము 80. ఎత్తు ముందు పరుగెత్తుచుండగా కండయు బరువును వెనుక నడచివచ్చుచున్నవి. ఆ పెరుగుదలయైనను నున్నగా సాగదు. ఒక నెల వెనుకభాగము లేచును, మఱియొక నెల మూపు లేచును. ఏడాది పిల్లకు తుంటి మూపుకంటె ఎత్తుగానుండుట సాధారణము. అట్టి పిల్లను చూచి వంకరదని విడిచిపెట్టినవాడు తొందరపడినట్లే. మూపు వెనుకబడినదేగాని ఆగిపోలేదు.

ఇక ప్రాచీనుల మాట. ఈ దేశమున అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుడు ఆద్యుడని ప్రసిద్ధి. నకులుని పేరను ఒక అశ్వశాస్త్రము కలదు. ఆ నకులుడు విరాటుని కొలువున గుఱ్ఱములను కాచుటకు చేరినప్పుడు సంస్కృత భారతమున గ్రంథికుడైనాడు. తిక్కన భారతమున దామగ్రంథి యైనాడు. గుఱ్ఱపుశాలలో చేరినవానికి గ్రంథికుడను పేరు కుదురుట గ్రంథాలయ సభలో చెప్పుకొనదగిన ముచ్చటయే. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమును అశ్వలక్షణమునకు కేటాయించెను. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణములను పద్యములలో రచించెను. ఐతే ఈ లక్షణగ్రంథముల దృష్టి యెక్కువగా వర్ణములమీదను, సుడులమీదను ఉండును. నుదుట సుడి యున్న మంచిది, ఫలానిచోట నున్న చెడ్డది యని చెప్పుటయేగాని, సుడిని చూచి ఎత్తు చెప్పుటకు వీలు లేదు. యజమానుని అదృష్టమును సుడిలో వెదకుట ఎవరి యిష్టము వారిది. గుఱ్ఱపు పొడవును మాత్రము సుడిలో వెదకరాదు.

కొలబద్ద పట్టుకొని గుఱ్ఱమును చూచినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రమున రెండవ అధికరణమునందు అశ్వాధ్యక్షుని విధులు చెప్పబడినవి. రాజుగారి గుఱ్ఱములను వంశము, వయస్సు, వర్ణము, గుర్తులు, వర్గము, వచ్చినచోటు అను వివరములతో పుస్తకమున కెక్కింపవలెనని ఆ అధ్యాయము ఆరంభములోనే ఆజ్ఞాపించును. భూమికి అడంగలు ఎట్టిదో గుఱ్ఱమునకు ఆ పుస్తకము అట్టిది. ఆ పిమ్మట ఉత్తమాశ్వపు కొలతలు వచ్చును. ముఖము 32 అంగుళములు. దేహపు పొడవు ముఖమునకు ఐదింతలు. జంఘ 20 అంగుళములు. ఎత్తు జంఘకు నాలుగింతలు. అనగా 80 అంగుళములు.

ఈ గ్రంథము ఎన్నో శతాబ్దములు పేరుమాత్రముగా నిలిచి, 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు ఒక పండితుడు ఇచ్చిన తాళపత్రములలో బయటపడినది. ఆ గ్రంథాలయమున పనిచేయుచుండిన ఆర్. శ్యామశాస్త్రిగారు దానిని చదివి, 1909లో అచ్చువేయించిరి. 1915లో ఇంగ్లీషు అనువాదము వెలువడినది. ఆ తాటాకులు ఎవరి యటుకమీదనో చెదలు తినియుండినచో ఈ నాలుగింతల లెక్క నేడు ఎవరికిని తెలియకపోయెడిది.

కౌటిల్యుని అంగుళమనగా ఎనిమిది యవల నడిమి వెడల్పు. లేదా మధ్యమ పురుషుని నడిమివ్రేలి నడిమి వెడల్పు. ఇది సుమారు ముప్పాతిక ఇంచియని లెక్కగట్టుట పరిపాటి. ఆ లెక్కన 20 అంగుళముల జంఘ 15 ఇంచులు. 80 అంగుళముల యెత్తు 60 ఇంచులు. 60ని నాలుగుతో భాగింపగా 15 హ్యాండులు. కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశపు గుఱ్ఱములు ఉత్తమములని కౌటిల్యుడు చెప్పియున్నాడు. నేటి మార్వారీ గుఱ్ఱములలో పొడుగైనవి కూడ సుమారుగా ఆ యెత్తుననే యుండును.

ఇప్పుడు సముద్రముల కావలి రైతులు చెప్పు లెక్క వినవలెను. ఇంగ్లండునను, అమెరికాలోను గుఱ్ఱములను పెంచువారి యింట తరతరములుగా వచ్చుచున్న మాట యొకటి కలదు. ముందుకాలి మోకాలి నడుమనుండి, గిట్టకును వెండ్రుకలకును కలియుచోటు వఱకు టేపు పట్టవలెను. ఎన్ని ఇంచులు వచ్చునో, పెరిగిన పిమ్మట ఆ గుఱ్ఱము అన్ని హ్యాండులుండును. 15 ఇంచులు వచ్చినచో 15 హ్యాండులు; 14 వచ్చినచో 14. వారు దీనిని గారడివలె చెప్పుదురు. గారడి ఏమియు లేదు. హ్యాండునకు నాలుగు ఇంచులు గనుక, ఇంచుల సంఖ్యను హ్యాండుల సంఖ్యగా మార్చుట యనగా నాలుగుతో హెచ్చవేయుటయే. జంఘకు నాలుగింతలు ఎత్తు! చాణక్యుని సూత్రమును చదువని రైతులు చాణక్యుని సూత్రముననే నిలిచిరి. గుఱ్ఱపుకాలు ఏ దేశమునందైనను ఒకే తీరున కట్టబడి యుండుటయే ఇందులకు కారణము.

ఐతే ఒక భేదమును మఱువరాదు. కౌటిల్యుడు చెప్పినది పెద్దగుఱ్ఱపు లక్షణము. అది కొలిచిన నాటి ఎత్తు. రాబోవు ఎత్తు కాదు. కిశోరమున ఆ నిష్పత్తి కుదురదు. ఆఱు నెలల పిల్ల జంఘను నాలుగుతో హెచ్చవేసినచో దాని యప్పటి యెత్తుకంటె చాల యెక్కువ సంఖ్య వచ్చును. ఆ యెక్కువయే అది ఇంకను పెరుగవలసిన యెత్తు. పెద్దగుఱ్ఱపు సూత్రమును పిల్లకు వర్తింపజేయగా తేలిన వ్యత్యాసములో భవిష్యత్తు దాగియున్నది.

దీనికి కారణము ఎముకల చివరలలో నున్నది. పెరుగుచున్న ఎముక కొనకు దాపున మెత్తని మృదులాస్థి పొర యొకటి యుండును. ఆ పొర క్రొత్త యెముకను కూర్చుచున్నంతకాలము ఎముక పొడవగును. అది గట్టిపడి మూసికొన్ననాడు పొడవు ఆగిపోవును. ఈ పొరలన్నియు ఒక్కసారిగా మూసికొనవు. నేలకు దగ్గఱనున్నవి ముందు, పైనున్నవి వెనుక. మోకాలి క్రింది నలియెముక చివరి పొర సుమారు ఆఱు మొదలు తొమ్మిది నెలలలో పని ముగించును. మోకాలికి పైనున్న యెముక క్రిందికొనను మూసికొనుటకు రెండు, రెండున్నర సంవత్సరములు పట్టును. భుజమునకు ఇంకను ఆలస్యము. వెన్నుపూసల పొరలు అన్నిటికంటె కడపట, ఐదేండ్ల ప్రాయమునకు గాని పూర్తిగా కుదుటపడవు. కావున సంవత్సరము నిండిన కిశోరపు జంఘ పెద్దగుఱ్ఱపు జంఘయే. ఇంటి పునాది ముగిసినది, గోడలు లేచుచున్నవి. పునాది కొలత తెలిసిన తాపీమేస్త్రి గోడల సంగతి చెప్పగలడు.

త్రాడుతో చేయు పరీక్ష యొకటి కూడ ఈ ధర్మముపైననే నిలిచినది. ముందుకాలి మోచేతి కొనవద్ద త్రాడును పట్టి, గిట్టకు పైనున్న కీలు నడిమివఱకు దింపవలెను. మోచేతి వద్ద పట్టిన కొనను కదలనీయక, క్రిందికొనను నిట్టనిలువుగా పైకి త్రిప్పవలెను. అది మూపును దాటి ఎంత పైకి పోవునో మూపు అంతవఱకు పెరుగునని వారి నమ్మకము. ఈ పద్ధతికి ఇంచుల లెక్కయు అక్కఱలేదు. చదువురాని సాహిణియు చేయవచ్చును. కాని మోచేయి కండలో మఱుగుపడి యుండుటచేత చేతికొలత కొంత జాఱును.

దక్షిణాపథపు రాజులకు ఈ చిక్కు అంతగా ఎదురైనట్లు తోచదు. వారు పెరిగిన గుఱ్ఱములను ఓడలమీద హోర్ముజు నుండి తెప్పించుకొనిరి. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసిన వృత్తాంతమున ఒక విచిత్రము కలదు. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినవాని తోపాటు చచ్చినవానిని గూడ, వేయి పరదాలకు మూడేసి చొప్పున కొనెడివాడట. సముద్రముమీద చచ్చినదానికి తోక తెచ్చి చూపినను చాలునట. తోకకు వెల కట్టిన ఆ బేరముతో పోల్చినచో జంఘను చూచి వెల కట్టుట ఎంతో నయము.

లెక్క కుదిరినదని సంతోషించి అంతటితో ఆగరాదు. లెక్కలోని తప్పు ఎంతవఱకు పెరుగునో కూడ చూడవలెను. జంఘను కొలుచునప్పుడు పావు ఇంచి తేడా వచ్చుట ఏమంత వింత కాదు. పిల్ల కాలు కదల్చును, మోకాలి నడుమ ఏదో ఇద్దఱకు ఒక్కతీరున తోచదు. ఆ పావు ఇంచి నాలుగుతో హెచ్చగా ఒక ఇంచి యగును. 15 ఇంచులకు 60 వచ్చినచోట, పదునాలుగుం ముప్పాతికకు 59 మాత్రమే వచ్చును. నూటి పాళ్ళ పద్ధతికిని ఈ చిక్కే. ఆఱు నెలల పిల్ల 50 ఇంచులున్నది. పూర్తి యెత్తులో అది 84 పాళ్ళు అనుకొన్నచో పెద్దగుఱ్ఱము 59½ ఇంచులు. కాని పిల్లలన్నియు సరిగా 84 వద్దనే నిలుచునా? ఒకటి వేగిరముగా పెరిగి 86 పాళ్ళు తెచ్చుకొనును. దానికి మిగిలినది తక్కువ, 58 ఇంచుల వద్ద ఆగును. మఱియొకటి మెల్లగా పెరిగి 82 పాళ్ళకే వచ్చియుండును; అది 61 ఇంచుల వఱకు పోవును. ఒకే యెత్తున నిలిచిన రెండు పిల్లలు పెద్దవైన పిమ్మట మూడించుల తేడాతో నుండవచ్చునన్నమాట.

మూడించులు స్వల్పమా? అంతర్జాతీయ పోటీలలో పోనీ యనిపించుకొనవలెనన్నచో లాడములు లేక 148 సెంటీమీటర్లకు మించరాదు. అది 58 ఇంచులకు ఇంచుమించు సమానము. పైన చెప్పిన రెండు పిల్లలలో ఒకటి హద్దుమీద నిలుచును, రెండవది హద్దు దాటును. బాలబాలికలు ఎక్కు పోనీగా అమ్ముదమని పెంచిన రైతునకు, హద్దు దాటిన గుఱ్ఱము ఎంత అందమైనదైనను ఆ సంతలో చెల్లదు. మణిపురమున పుట్టి ప్రపంచమంతట వ్యాపించిన పోలో ఆటకు గూడ పూర్వము ఎత్తు హద్దుండెడిది. ఇంగ్లండున అది 14.2. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన కాలమున ఆ హద్దు ఎత్తివేయబడుటతో, అంతవఱకు ఇంచి కొఱకు వాదులాడిన వ్యాపారులకు ఒక బెడద తీఱినది.

తల్లిదండ్రులను చూచి చెప్పరాదా యని యడుగువారుందురు. చెప్పవచ్చును; కాని తండ్రినొక్కనిని చూచి చెప్పరాదు. కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు 1938లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున ప్రసిద్ధము. షైర్ అనునది మిక్కిలి పెద్ద బండిగుఱ్ఱపు జాతి. షెట్లండు అనునది 42 ఇంచులకు మించని పొట్టి జాతి. వీనిని రెండు విధముల సంకరము చేసిరి. పెద్ద తల్లికి పొట్టి తండ్రి యొక విధము, పొట్టి తల్లికి పెద్ద తండ్రి మఱియొక విధము. ఎత్తుల భేదము చేత సహజముగా కలయుట కుదురదు గనుక కృత్రిమ గర్భధారణ పద్ధతిని వాడిరి. రెండు విధముల పిల్లలకును వచ్చిన వారసత్వము సగము షైరు, సగము షెట్లండు. ఐనను పెద్ద తల్లి కడుపున పుట్టిన పిల్ల, పొట్టి తల్లి కడుపున పుట్టినదానికంటె తూకమున సుమారు మూడింతలుండెను. పెరిగినకొలది ఆ యంతరము తగ్గినదేగాని తుడిచిపెట్టుకొని పోలేదు. బీజమెంత ఘనమైనను క్షేత్రమిచ్చిన చోటులోనే పెరుగవలెనని దీనివలన తెలియుచున్నది. భయపడవలసిన అపాయమును ఇందువలన తప్పినది. పొట్టితల్లి పెద్దపిల్లను కనలేక చచ్చిపోవునను భీతి అక్కఱలేకపోయినది.

గుఱ్ఱపు జన్యుపటము 2009లో వెలువడినది. 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు పదునాఱు జాతుల గుఱ్ఱములను పరీక్షించి, వాని పరిమాణ భేదములో నూటికి 83 పాళ్ళకు జన్యుపటమునందలి నాలుగే స్థానములు కారణమని తెలిపిరి. ఇది ఆశ్చర్యకరమైన సంగతి. మనుష్యుల యెత్తునకు ఇట్టి స్థానములు వేలకొలది యున్నవి. కాని ఆ 83 పాళ్ళు ఒక జాతికిని మఱియొక జాతికిని గల భేదమునకు సంబంధించినవి. ఒకే తల్లికి పుట్టిన ఇద్దఱు అన్నదమ్ములలో ఎవడు పొడుగగునో చెప్పుటకు ఆ లెక్క అంతగా పనికిరాదు. అందులకు మరల టేపు పట్టవలసినదే.

మేత సంగతి. ఎక్కువ దాణా పెట్టినచో ఎక్కువ ఎత్తగునని కొందఱ యాశ. దాణా ఎత్తును త్వరగా తెచ్చునేగాని హద్దును జరుపజాలదు. పైగా అతిగా మేపి తొందరపెట్టిన పిల్లకు కీళ్ళు వాచును, మృదులాస్థి చెడును. తక్కువ మేపినచో పెరుగుదల వెనుకబడును. పిమ్మట మంచిమేత దొరికినచో చాలవఱకు పూడ్చుకొనును. బలిసిన పిల్లను ఎత్తైన పిల్లయని భ్రమపడుట సంతలలో జరుగు సామాన్యమైన మోసము. నలియెముకపై కొవ్వు పట్టదు గనుక జంఘ ఈ మోసమునకు లోబడదు. దానిని నమ్ముటకు ఇదియు ఒక కారణము.

కావున కొనువాడు ఒక్కనాటి కొలతపై ఆధారపడక, వీలైనచో మూడు పర్యాయములు కొలువవలెను. ఆఱవ నెలలో నొకటి, తొమ్మిదవ నెలలో నొకటి, సంవత్సరమున నొకటి. కాలు నిలువుగా నుండగా, ఒకే మనిషి, ఒకే టేపుతో కొలువవలెను. జంఘ కొలత రెండుసార్లు ఒకటే వచ్చినచో దాని పెరుగుదల ఆగినట్లు. అప్పుడు నాలుగుతో హెచ్చవేసి, త్రాటి పరీక్షతో సరిచూచి, తల్లి యెత్తును ప్రక్కన వ్రాసికొని, ఇటు ఒక ఇంచి అటు ఒక ఇంచి వదలి బేరమాడవచ్చును. ఖండితముగా ఇంత యని చెప్పు అమ్మకందారు మాటను వినవచ్చును గాని, దానికి ప్రత్యేకముగా వెల కట్టరాదు.

ఇంతకంటె పెద్ద నష్టము మఱియొకచోట కలదు. అది కొన్నవానిది గాదు, గుఱ్ఱముది. రెండేండ్ల గుఱ్ఱము పూర్తి యెత్తునకు ఒకటి రెండు ఇంచులు మాత్రమే తక్కువగానుండును. చూచువారికి అది పెరిగిన గుఱ్ఱమే. ఎత్తు వచ్చినది గనుక బలము వచ్చినదని తలచి జీను వేయుదురు. అప్పటికి మోకాలిపైని పొర మూసికొనుచునో మూసికొనకయో యున్నది. వెన్నుపూసలకు ఇంకను మూడేండ్ల పని యున్నది. పందెముల లోకమున ఈ తొందర మఱింత హెచ్చు. అచ్చట ఈ దేశమున పుట్టిన గుఱ్ఱములకన్నిటికి జనవరి 1వ తేదీయే పుట్టినరోజు. ఏప్రిలులో పుట్టిన పిల్లకు తొమ్మిది నెలలకే పుస్తకములో ఒక సంవత్సరము నిండును. పుస్తకపు వయస్సు వేఱు, ఎముక వయస్సు వేఱు. రెండేండ్లవని వ్రాసిన గుఱ్ఱములు పందెమునకు దిగును. జాగ్రత్తగల శిక్షకులు మోకాలికి ఎక్స్‌రే తీయించి, పొర మూసికొన్న పిదపనే గట్టి పరుగు పెట్టింతురు. పిల్లప్రాయమున బయలున స్వేచ్ఛగా పరుగెత్తుట ఎముకకు బలమే యిచ్చును. శాస్త్రజ్ఞులు దానిని కాదనరు. మనిషి బరువు వీపుమీద పెట్టుట వేఱు సంగతి.

కౌటిల్యుడు కిశోరముల దాణాను గూడ పుస్తకమున కెక్కించెను. పుట్టిన పిల్లకు ఆఱు నెలల వఱకు నెయ్యి, పిండి, పాలు. అటుపిమ్మట నెలనెలకు పెంచుచు మూడేండ్ల వఱకు యవలు. నాలుగవ యేట ద్రోణము యవలు. ఆ పిమ్మటనే, నాలుగేండ్లదియో ఐదేండ్లదియో యైనప్పుడు, గుఱ్ఱము పూర్ణప్రమాణము కలదై పనికి తగినదగునని వ్రాసెను. ఎక్స్‌రే యెఱుగని కాలమున నిర్ణయించిన ఆ వయస్సు, వెన్నుపూసల పొరలు కుదుటపడునని నేటి పశువైద్యులు చెప్పు వయస్సునకు దాపుననే యున్నది. జంఘ సంవత్సరమునకే పూర్తియైన గుఱ్ఱమునకు గూడ అశ్వాధ్యక్షుని పుస్తకమున పని యెదుట ఇంకను మూడేండ్లు ఖాళీగానే యుండెడివి. ఆ మూడేండ్లును దాణా మాత్రము వ్రాయబడుచుండెడిది.